పొద్దుగూకక ముందా, తర్వాతా

తొమ్మిదేళ్ళపాటు నేను ఇజ్రాయెల్‌లో ఒకే ఇంట్లో ఉండి ఒకే ముసలావిడను చూసుకున్నాను. మా వైపు నుంచి ఆ పనికి వెళ్ళిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. పెళ్ళయిన ఆరేళ్ళకే నా భర్త పోయాడు, పిల్లలు లేరు. పామర్రులో చెల్లెలి ఇంట్లో ఒక గదిలో ఎన్నాళ్ళని ఉంటాను అనిపించి, మా చర్చిలో తెలిసినవాళ్ళు దారి చూపిస్తే వెళ్ళాను. అప్పటికి నాకు ముప్పై అయిదు.

ఆవిడను ఆ భవనంలో అందరూ సవ్తా అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మమ్మకీ నాయనమ్మకీ అదే మాట. నేనూ అలాగే పిలిచాను. హైఫాలో కొండ వాలు మీద మూడో అంతస్తు ఇల్లు. రెండు భవనాల మధ్య నుంచి సముద్రం ఒక చీలికలా కనిపించేది. ఆవిడకి ఒక్కతే కూతురు. వేరే ఊళ్ళో ఉండేది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, వంట డబ్బాలు ఫ్రిజ్‌లో సర్ది, తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి, చీకటి పడకముందే వెళ్ళిపోయేది. మిగతా ఆరు రోజులూ సవ్తా, నేను.

వంటింటి తలుపు వెనక మందుల షాపువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఉండేది. ప్రతి గడిలో రెండు తేదీలు. ఒకటి అందరికీ తెలిసిన అంకె, రెండోది హీబ్రూ అక్షరాల్లో. వాళ్ళకి అక్షరాలే అంకెలు కూడా. సవ్తా భర్త పోయిన రోజు ఆ రెండో తేదీ ప్రకారమే వచ్చేది. ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనక్కి. కొత్త క్యాలెండర్ రాగానే ఆవిడ నన్ను పిలిచి, ఆ రోజు ఎప్పుడొచ్చిందో వెతికి పెన్నుతో సున్నా చుట్టమనేది. ముందు రోజు సాయంత్రం పొద్దుగూకేటప్పుడు గాజు గ్లాసులో ఒక కొవ్వొత్తి వెలిగించాలి. అది మర్నాడు సాయంత్రం దాకా వెలుగుతుంది. వాళ్ళకి రోజు పొద్దున మొదలవదు, సాయంత్రం మొదలవుతుంది.

నాలుగో ఏడు అనుకుంటాను, ఒక అక్షరం తప్పు చదివాను. ఒక రోజు ఆలస్యంగా వెలిగించాం. పక్కింటావిడ వచ్చి మాటల్లో ఆ సంగతి బయటపెట్టింది. సవ్తా ఆ రోజు అన్నం ముట్టలేదు.

"ఒక్క రోజే కదా సవ్తా," అన్నాను.

"ఆయన బతికున్నన్నాళ్ళూ ఇంటికి ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదు," అంది ఆవిడ. "నేను మాత్రం ఒక రోజంతా ఆలస్యం చేశాను."

ఆ తర్వాత నేను ఆ అక్షరాలు పట్టుబట్టి నేర్చుకున్నాను. భాష మాట్లాడటం వచ్చింది కానీ చదవడం మాత్రం ఆ తేదీల వరకే.

సవ్తా హెష్వాన్ అనే నెలలో పోయింది. మన కార్తీకం వచ్చే రోజుల్లో వస్తుంది ఆ నెల. కిటికీ దగ్గర కుర్చీలో, సాయంత్రం పూట, నొప్పి లేకుండా పోయింది. నన్ను అడిగిన ప్రతివాళ్ళకీ ఇంతే చెప్పాను. ఏడు రోజులు బంధువులూ ఇరుగుపొరుగూ ఆ ఇంటికి వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టి ఇచ్చాను. తర్వాత నాకు ఇంకో ఇంట్లో పని చూపిస్తామన్నారు. మళ్ళీ ఇంకొకరి చెప్పులు, ఇంకొకరి మాత్రలు గుర్తుపెట్టుకునే ఓపిక నాలో లేదు. వచ్చేశాను.

పామర్రులో చెల్లెలి అత్తగారు, మామగారు, పిల్లలతో ఇల్లు నిండుగా ఉంది. అందుకని బెజవాడలో ఆటోనగర్ దగ్గర ఒక ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. నాలుగు వీధుల అవతల ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో పని దొరికింది. లారీల కింద పడుకుని పనిచేసి నడుములు పట్టేసినవాళ్ళు, స్ప్రింగులు ఎత్తి భుజాలు జారినవాళ్ళు వస్తారు. వాళ్ళకి వేడి కాపడం పెట్టడం, పట్టీలు కట్టడం, వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటర్లో ఎక్కించడం నా పని. పగలంతా మాటలు వినిపిస్తూనే ఉంటాయి. సాయంత్రం మేడ మెట్లెక్కి తాళం తీసేసరికి గదిలో నేను పొద్దున ఎక్కడ ఏది వదిలానో అక్కడే ఉంటుంది. దువ్వెన కూడా.

ఏడాది తిరిగింది. సవ్తా పోయిన తేదీ నాకు బాగా గుర్తు. ఇంగ్లీషు తేదీ. ఆ సాయంత్రం ఒక కొవ్వొత్తి వెలిగించి, ఫోటో తీసి, ఆవిడ కూతురికి పంపాను. మేం పండగలకి శుభాకాంక్షలు పంపుకుంటూ ఉండేవాళ్ళం, అంతకుమించి కాదు.

ఆవిడ వెంటనే జవాబు ఇచ్చింది. "చాలా థాంక్స్. మేం పదకొండు రోజుల క్రితమే సమాధి దగ్గరికి వెళ్ళొచ్చాం. నువ్వు ఇంగ్లీషు తేదీ ప్రకారం వెలిగించావు. ఏం పరవాలేదు." కింద ఒక గుండె బొమ్మ.

ఆ పరవాలేదు అన్న మాట నాకు గుచ్చుకుంది. ఒక రోజు తప్పినందుకు అన్నం మానేసిన మనిషికి నేను పదకొండు రోజులు ఆలస్యంగా దీపం పెట్టాను. ఆ పదకొండు రోజుల క్రితం నేనేం చేశానా అని ఆలోచించాను. ఏమీ గుర్తు రాలేదు. క్లినిక్‌కి వెళ్ళుంటాను, వచ్చుంటాను.

మర్నాడు పొద్దున బట్టలు ఆరేయడానికి, ఆ గ్లాసు కడగడానికి కిందికి దిగితే ఇల్లుగలావిడ గ్లాసులో మిగిలిన మైనం చూసి అడిగారు. ఆవిడకి అరవై దాటాయి. నేను పిన్నిగారు అంటాను.

"నిన్న కరెంటు పోలేదు గదమ్మా, కొవ్వొత్తి ఎందుకు వెలిగించావ్?"

చెప్పాను. ఎవరికోసమో, ఎలా తప్పిందో.

"అంటే తిథి లాంటిదన్న మాట," అన్నారు ఆవిడ, చాలా మామూలుగా. "మా అత్తగారి తద్దినం కూడా అంతే గదా. తేదీ చూసుకుంటే ఎట్టా? పంచాంగం చూడాలి. వాళ్ళకీ పంచాంగం ఉంటది గదా, తెప్పించుకో."

"ఇక్కడ ఎక్కడ దొరుకుతుందండీ?"

"అదీ నిజమే." ఆవిడ చీర అంచు పిండి తీగ మీద వేశారు. "ఇంతకీ ఆవిడ నీకేమవుద్ది?"

"ఏమీ కాదండీ. ఆవిడ దగ్గర పని చేశాను."

పిన్నిగారు ఇంకో చీర అందుకున్నారు. నేను నా బట్టలు ఆరేసి పైకి వచ్చేశాను.

వాళ్ళ పంచాంగం ఫోన్లోనే దొరుకుతుందని నాకు ఆ తర్వాత చాలా నెలలకి తెలిసింది. అక్కడ నాతోపాటు పనిచేసిన ఒకావిడ లింకు పంపింది. అదొక వెబ్‌సైటు. పోయినవాళ్ళ తేదీ ఒక్కసారి ఇస్తే, అది హీబ్రూ తేదీకి మార్చి, రాబోయే ఇరవై ఏళ్ళకీ ఆ రోజు మన మామూలు తేదీల్లో ఎప్పుడెప్పుడు వస్తుందో లెక్క కట్టి, మన ఫోన్ క్యాలెండర్లో పెడుతుంది. ఫోన్లో ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. కంప్యూటర్లో చేస్తేనే అవుతుందని తెలిసి, క్లినిక్‌లో మధ్యాహ్నం భోజనం వేళ డాక్టరుగారిని అడిగాను. వాడుకోండమ్మా అని ఆయన ఇంటికి వెళ్ళిపోయారు.

పెరుగన్నం డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ముందు మన ఊరు అడిగింది. పామర్రు అని కొట్టాను, దానికి తెలియదు. విజయవాడ అని కొడితే వచ్చింది. వచ్చిన వెంటనే ఇవాళ ఇక్కడ పొద్దుగూకేది ఎన్నింటికో కూడా చూపించింది. యూదుల క్యాలెండరు లెక్కకట్టే ఆ పేజీలో విజయవాడ పేరు చూసి నాకు ఎవరో పలకరించినట్టే అయింది. తర్వాత పోయినవాళ్ళ పేరు. తర్వాత పోయిన తేదీ. అన్నీ నింపాను.

తేదీ కింద ఒక చిన్న గడి ఉంది. పక్కన ఇంగ్లీషులో రెండే ముక్కలు. సూర్యాస్తమయం తర్వాత అని. తర్వాత పోయి ఉంటే టిక్కు పెట్టాలి. ముందు పోయి ఉంటే వదిలేయాలి. దాన్నిబట్టి తేదీ ఒక రోజు మారుతుంది.

నేను టిక్కు పెట్టాను. పై తేదీ మారింది. తీసేశాను. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ పెట్టాను. రెండున్నరకి మొదటి పేషెంటు వచ్చేదాకా అదే చేస్తూ కూర్చున్నాను. డబ్బా మూత తీయలేదు.

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఇక్కడ చెప్పాలి.

ఆ సాయంత్రం సవ్తాను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద శాలువా కప్పి, టీ ఇచ్చాను. వేడిగా ఉంది, చల్లారాక తాగుతాను అంది. పక్క బల్ల మీద పెట్టమంది. అదే ఆఖరి మాట. చెల్లెలు వీడియో కాల్ చేసింది. లోపల మాట్లాడితే సవ్తాకి ఇబ్బందని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. చెల్లెలి ఆడపడుచు కూతురి పెళ్ళి. బెజవాడ వెళ్ళి చీరలు తెచ్చారు. ఒక్కొక్కటే విప్పి చూపిస్తోంది. ఒకటి కోడిగుడ్డు సొన రంగు. అది పెళ్ళికూతురి అత్తగారికట. "ఆవిడ ఇది కట్టుకుని భోజనాల్లో కూర్చుంటే ఎవరో చెంచాతో తీసుకుంటారు," అన్నాను నేను. ఇద్దరం కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాం. అంతగా నవ్వి అప్పటికి ఎన్నాళ్ళయిందో.

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళేసరికి గది చీకటిగా ఉంది. సవ్తా అన్నాను. దీపం వేసి చూశాను. తల కొంచెం పక్కకి ఒరిగి ఉంది. చెయ్యి పట్టుకోగానే అర్థమైంది. టీ అలాగే ఉంది, పైన మీగడ తెట్టు కట్టి.

కూతురికి ఫోన్ చేశాను. "ఇప్పుడే పోయారు. నేను పక్కనే ఉన్నాను," అన్నాను.

ఎందుకలా అన్నానో ఆ క్షణంలో నాకూ తెలియదు. తల్లి పోయిన సంగతి చెబుతూ, పక్కన ఎవరూ లేరని చెప్పలేకపోయాను అనుకున్నాను. నా భయం కూడా ఉంది అందులో. డాక్టరు వచ్చేసరికి పూర్తిగా చీకటి పడింది. ఆయన తను వచ్చిన సమయం రాసుకున్నాడు, నేను చెప్పిన మాట కూడా విన్నాడు. అలా సూర్యాస్తమయం తర్వాత అయింది. సమాధి రాతి మీద ఆ తేదీయే చెక్కారు.

క్లినిక్ నుంచి వచ్చి స్టీలు బీరువాలో బట్టల కింద నుంచి నా పాత ఫోన్ తీశాను. తెర మూల పగిలింది. గంటసేపు చార్జింగు పెడితే గానీ వెలగలేదు. చెల్లెలితో మాట్లాడిన కాల్స్ అన్నీ అందులో ఉన్నాయి. వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. ఆ తేదీ దొరికింది. నలభై ఏడు నిమిషాలు. మొదలైంది రాత్రి ఏడు యాభై రెండుకి అని చూపిస్తోంది. ముందు అర్థం కాలేదు. తర్వాత తట్టింది, ఫోన్ ఇప్పుడు మన దేశంలో ఉంది కాబట్టి మన టైము చూపిస్తోందని. మూడున్నర గంటలు తీసేశాను. అక్కడ నాలుగు ఇరవై రెండు. అయిదూ తొమ్మిదికి అయిపోయింది.

మర్నాడు భోజనం వేళ మళ్ళీ ఆ వెబ్‌సైటు తెరిచి, ఊరు హైఫా అని పెట్టి, ఆ తేదీన పొద్దుగూకింది ఎన్నింటికో చూశాను. నాలుగు నలభై ఒకటి. నేను బాల్కనీలోకి వెళ్ళిన పందొమ్మిది నిమిషాలకి. బహుశా ఆ సొన రంగు చీర విప్పుతున్న సమయానికి.

పందొమ్మిది నిమిషాలు ఇటు, ఇరవై ఎనిమిది నిమిషాలు అటు. మధ్యలో ఎక్కడో ఆవిడ పోయింది. ఎక్కడో చెప్పగలిగేది లోకంలో నేనొక్కదాన్నే, నాకు తెలియదు.

తెలిసిందల్లా ఆవిడ పక్కన ఉన్న టేబుల్ లైటు. చేతులు వణికినా దాని తాడు మాత్రం ఆవిడే లాగేది. వెలుతురు తగ్గగానే, నేను లేచేలోపే, టక్‌మని వెలిగించేది. తొమ్మిదేళ్ళలో ఆ పని నాకు ఎప్పుడూ వదల్లేదు. ఆ రోజు నేను లోపలికి వచ్చేసరికి ఆ లైటు వెలగడం లేదు. అంటే చీకటి పడకముందే పోయిందా? లేక కునుకు పట్టి, ఆ నిద్రలోనే చీకటి పడ్డాక పోయిందా? రోడ్డు మీద నడుస్తూ, కాపడం సంచిలో నీళ్ళు నింపుతూ అదే ఆలోచన. ఒక పేషెంటుకి ఎడమ మోకాలికి కట్టాల్సిన పట్టీ కుడి మోకాలికి కట్టాను. ఆయన పాపం నవ్వి ఊరుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి పామర్రు వెళ్ళాను. రోడ్డుకి రెండు వైపులా వరి పొట్ట మీద ఉంది. చెల్లెలు చేపల పులుసు పెట్టింది. అందరూ తిని లేచాక, వెనక గట్టు మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు అడిగాను.

"ఆ పెళ్ళి చీరలు చూపించావు గదా ఫోన్లో. నేను బాల్కనీలో ఉన్నాను. అప్పుడు నా వెనక లోపల లైటేమన్నా వెలిగిందేమో నీకు గుర్తుందా?"

"ఏ చీరలక్కా?"

"మీ ఆడపడుచు కూతురి పెళ్ళివి. సొన రంగు చీర."

చెల్లెలు చాటలో బియ్యం ఏరుతూనే ఆలోచించింది. "సొన రంగా? గుర్తు లేదక్కా. అప్పట్లో రోజూ మాట్లాడుకునేవాళ్ళం గదా, ఏ రోజు ఏం మాట్లాడామో ఎవరికి గుర్తుంటది?" అని నా మొహం చూసి, "ఎందుకడుగుతున్నావు?" అంది.

చెప్పాను. ఆ ఫోన్ మాట్లాడుతుండగానే సవ్తా పోయిందని తనకీ అప్పుడే మొదటిసారి తెలిసింది. చేతిలో ఉన్న చాట కింద పెట్టింది.

"ఆవిడకి తొంభై ఏళ్ళక్కా. నువ్వు పక్కన కూర్చున్నా పోయేదే."

"పోయేదే. అది కాదు నేనడిగేది."

"మరింకేం? ఆ టిక్కేదో పెట్టెయ్. రాతి మీద ఎట్టా ఉంటే అట్టా. ఎవరు చూడొచ్చారు?" తర్వాత గొంతు తగ్గించి, "మన అమ్మ పోయినరోజు కూడా ఇంతగా ఆలోచించలేదు నువ్వు," అంది.

తను కోపంగా అనలేదు. అది నిజం కూడా. అమ్మ పోయినప్పుడు నేను హైఫాలో ఉన్నాను. రావడానికి వీలుపడలేదు. ఆ రోజు సవ్తా తన కుర్చీ పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, ఒక ముక్కా మాట్లాడకుండా, నా అరచెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా ఉంది. నేను వంట చేయలేదు, ఆవిడ అడగలేదు. ఆ సంగతి చెల్లెలికి చెబుదామనుకున్నాను. లోపల నుంచి ఎవరో పిలిస్తే తను లేచి వెళ్ళింది. సాయంత్రం బస్సుకి నేను వచ్చేశాను.

రెండు రోజులాగి సవ్తా కూతురికి వాయిస్ మెసేజ్ పెట్టాను. రాసేటంత భాష నాకు రాదు. మూడుసార్లు చెరిపి నాలుగోసారి పంపాను. నేను పక్కన లేను అని చెప్పాను. బాల్కనీలో చెల్లెలితో మాట్లాడుతున్నానని, నలభై ఏడు నిమిషాలని, లైటు వెలగలేదని, వెబ్‌సైటులో సూర్యాస్తమయం గడి దగ్గర ఆగిపోయానని, రాతి మీద ఉన్న తేదీ తప్పు అయి ఉండొచ్చని, అది నావల్లే అని చెప్పాను. ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చమని అడిగినట్టు ఉంటుందని.

ఆవిడ విన్నట్టు ఫోన్లో గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. క్లినిక్‌లో ఫోన్ సొరుగులో పెట్టి, పట్టీ కట్టిన ప్రతిసారీ వచ్చి సొరుగు తీసి చూసేదాన్ని. మూడో రోజు నాకు ఒకటి అనిపించింది. ఈ భూమ్మీద సవ్తా గురించి నేను మాట్లాడగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే, ఆవిడను కూడా పోగొట్టుకున్నాను అని.

నాలుగో రోజు మధ్యాహ్నం వాయిస్ మెసేజ్‌లో జవాబు వచ్చింది. క్లినిక్ వెనక మోటారు గది పక్కన నిలబడి విన్నాను. అవతల షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు. ఫోన్ చెవికి నొక్కిపెట్టుకున్నాను.

"నువ్వు బాల్కనీలో ఉన్నావని నాకు తెలుసు," అంది ఆవిడ. "మూడో రోజే పక్కింటావిడ చెప్పింది. ఆ సాయంత్రం నువ్వు గట్టిగా నవ్వుతుంటే విన్నానంది. నాకు నీ మీద చాలా కోపం వచ్చింది. ఆ వారమంతా నువ్వు తెచ్చి ఇచ్చిన టీ నేను తాగలేదు. నువ్వు గమనించావో లేదో తెలియదు."

గమనించాను. నిండు కప్పులు వెనక్కి తెచ్చి సింకులో పారబోశాను. దుఃఖంలో ఉంది పాపం, సహించడం లేదు అనుకున్నాను.

"తర్వాత ఆ కోపం నిలవలేదు," అంది. "ఆ రోజు నేను అమ్మకి ఫోన్ కూడా చేయలేదు. అంతకు ముందు రోజూ చేయలేదు. నువ్వున్నావు గదా అని. నువ్వు నవ్వుతున్నావంటే ఆ గొంతు అమ్మకి కూడా వినిపించే ఉంటుంది. ఆ తలుపు ఎప్పుడూ సరిగా పడదు. ఇదొకటి నేను తర్వాత ఆలోచించుకున్నాను. రాతి మీద తేదీ నేను మార్చను. ముందా తర్వాతా అన్నది ఎవరికీ తెలియదు, ఇక తెలియదు కూడా. నువ్వు ఆ గడిలో టిక్కు పెట్టు. అమ్మకి మనిద్దరం ఒకే రోజున వెలిగిద్దాం."

అంతే. వీడ్కోలు మాటేమీ లేకుండా ఆగిపోయింది.

తేలికపడ్డానని చెప్పలేను. నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నది ఇంకొకరికి మొదటి నుంచీ తెలుసునంటే, ముందు సిగ్గు వేసింది. పండగలకి ఆవిడ పంపిన ప్రతి శుభాకాంక్షా నన్ను క్షమించాక పంపినదో, క్షమించకముందు పంపినదో అని ఒక్కొక్కటే మళ్ళీ తీసి చదివాను. మంచి మాటలే అన్నీ. పొడి మాటలు. అవి అప్పుడూ అలాగే ఉన్నాయి, నేనే గమనించలేదు.

మర్నాడు టిక్కు పెట్టాను. కింద పచ్చ బటన్ నొక్కాను. ఒక పొడుగాటి లింకు ఇచ్చింది. దాన్ని నా క్యాలెండర్లో ఎక్కడ అతికించాలో వెతకడానికే ఒక మధ్యాహ్నం పట్టింది. కంప్యూటర్లో వచ్చింది కానీ ఫోన్లో రాలేదు. సెట్టింగుల్లో ఆ పేరు పక్కన ఇంకో టిక్కు పెట్టాలట, ఇంకో రోజు తర్వాత దొరికింది. అప్పుడు వచ్చింది. సవ్తా పేరు, కింద హెష్వాన్ నెల తేదీ. రాబోయే ఏడు ఒక తేదీన, పై ఏడు ఇంకో తేదీన, ఆ పైఏడు మరీ ముందుకి. వేలితో జరుపుతూ పోతే ఇరవై ఏళ్ళూ ఉన్నాయి. చివరిదానికి నాకు అరవై అయిదు వస్తాయి.

చూస్తే ఇంకో లోపం కనిపించింది. ఆ రోజైతే వేసింది గానీ గుర్తుచేయడానికి గంట మోగదు. పైగా తేదీ పగటికి వేసింది. కొవ్వొత్తి ముందు సాయంత్రం వెలిగించాలి. అందుకని నేనే విడిగా ఒక అలారం పెట్టుకున్నాను, ముందు రోజు సాయంత్రం అయిదింటికి. బెజవాడలో ఆ రోజుల్లో అయిదున్నర దాటాక పొద్దుగూకుతుంది.

ఆ ఏడు అలారం మోగినప్పుడు నేను క్లినిక్‌లో ఒకాయన భుజానికి కాపడం పెడుతున్నాను. డాక్టరుగారిని అడిగి అరగంట ముందు బయలుదేరాను. ముందు వారమే గుణదల వెళ్ళి లావుపాటి కొవ్వొత్తులు రెండు తెచ్చి పెట్టుకున్నాను. ఇరవై నాలుగు గంటలు వెలిగేవి ఇక్కడ దొరకవు. ఒకటి అయిపోవస్తుంటే రెండోది అంటించాలి. స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గాజు సీసా పెట్టి, అందులో కొవ్వొత్తి నిలబెట్టాను. మా చర్చిలో ఇలాంటివి చేయరు. నేను కూడా ప్రార్థన ఏమీ చెప్పలేదు. వాళ్ళ ప్రార్థన నాకు రాదు, మాది చెబితే ఆవిడ ఏమంటుందో తెలియదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

కాసేపటికి పిన్నిగారు పైకి వచ్చారు. పళ్ళెంలో రెండు అరటిపళ్ళు.

"ఇవాళేనా?"

"అవునండీ. రేపు సాయంత్రం దాకా."

ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి కొవ్వొత్తి వైపు చూశారు. "గాలికి ఆరకుండా ఆ కిటికీ రెక్క మూసుకో," అని పళ్ళు బల్ల మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగిపోయారు.

కిటికీ రెక్క మూశాను. ఫోటో తీసి సవ్తా కూతురికి పంపాను. అక్కడ ఇంకా ఎండ ఉంటుంది, పొద్దుగూకడానికి రెండు గంటల పైనే ఉంది. ఆ రెండు గంటలూ అయ్యాక ఆవిడ దగ్గర నుంచి ఒక ఫోటో వచ్చింది. వాళ్ళ వంటింటి గట్టు, దాని మీద గాజు గ్లాసులో కొవ్వొత్తి, పక్కన కడగని కాఫీ కప్పు. మాటలేమీ రాయలేదు. లేచి గిన్నెలు కడుక్కుని, పొద్దుటికి పప్పు నానబోసుకున్నాను.